నలభయ్యో గడి గోడే

మొన్న రీడింగ్ రూములో ఒకాయన నా చేతిలోని పత్రిక చూసి, "చదరంగం ఆడే యంత్రాలా? అదంతా ఇంజనీర్ల వ్యవహారమండీ, మనకెందుకు?" అన్నాడు. ఆ మాట విన్నాకే ఇది రాయాలని నిర్ణయించుకున్నాను. మెట్రిక్యులేషన్‌తో చదువు ఆగిపోయిన కంపోజిటర్ని నేను. చూపు పోయిన రిటైర్డ్ పంతులు మా ఇంటి ఓనరు. నాంపల్లిలో ఒక గోడకు అటూ ఇటూ కాపురముంటూ, యంత్రం జ్ఞాపకంలో చదరంగం బల్లను ఎలా పరచాలో మేమిద్దరం తేల్చాం. ప్రపంచంలో మేమే మొదటివాళ్లమని అనను. వేరే దేశాల్లో మాకంటే ముందే చేశారని తరవాత చదివాను. కానీ మేము ఎవరిదీ చూసి రాయలేదు. ఆ సంగతి చెప్పడానికి మా ఇద్దరిలో ఇప్పుడు నేనొక్కణ్ణే మిగిలాను.

యాభయ్యారులో ఆఫీసులు హైదరాబాదుకు మారినప్పుడు మా నాన్నగారితో పాటు కోస్తా నుంచి వచ్చాను. అబిడ్స్ వెనక సందులో ఒక ప్రెస్సులో కుదిరాను. పగలంతా అక్షరాలు పేర్చడం, సాయంత్రం లైబ్రరీకి వెళ్లి ఆ అక్షరాలే చదవడం. అలా చదివే ఇంగ్లీషు నేర్చుకున్నాను, లెక్కలు నేర్చుకున్నాను. లైబ్రరీలో బల్బు మార్చాల్సి వచ్చినా నన్నడిగేవారు, అంతగా అక్కడివాణ్ణయిపోయాను.

డెబ్బైల మొదట్లో కోఠీలో పాత పుస్తకాల దగ్గర ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో చదరంగం ఆడే యంత్రం గురించి వ్యాసం. "యంత్రానికి బల్ల కనపడదు, ముక్కలు కనపడవు, అంకెలు మాత్రమే తెలుసు. కాబట్టి ముందుగా ప్రతి గడికీ ఒక అంకె ఇస్తారు" అన్నంత వరకూ ఉంది. ఆ తరవాతి రెండు కాగితాలు ఎవరో చించుకుపోయారు. కావలసిన భాగం అదే. పట్నంలో నేనెరిగిన లైబ్రరీలన్నీ వెతికాను, ఆ సంచిక ఎక్కడా లేదు. సరే, నేనే రాసుకుంటాననుకున్నాను.

అప్పుడే మా ప్రెస్సులో ఒక లెక్కల లెక్చరరు గారి పుస్తకం అచ్చవుతోంది. ఒకచోట తప్పు ప్రూఫులో దొర్లింది కాదనీ, ఆయన రాతప్రతిలోనే ఉందనీ చూపించాను. ఆయన ముందు చిరాకు పడ్డారు, తరవాత నవ్వారు, చివరికి నాకు టీ చెప్పారు. బషీర్‌బాగ్ దాటాక ఒక సంస్థలో కంప్యూటరు ఉందనీ, ఆదివారాలు ఆయనకు దాని మీద కాస్త సమయం ఇస్తారనీ ఆ టీ దగ్గరే తెలిసింది. నా చదరంగం సంగతి చెప్పగానే ఆయన షరతు పెట్టారు.

"ఆట ఆడించడం మన వల్ల కాదండీ. తెల్ల ముక్కలకు వీలైన మొదటి ఎత్తులన్నీ తప్పు లేకుండా యంత్రం చేత లెక్క రాయించండి చాలు. ఒక్కసారి నడిపిస్తాను. తప్పొచ్చిందా, మళ్లీ అడగొద్దు."

"ఒక్కసారి చాలు సార్," అన్నాను.

"యంత్రానికి సూచనలు చిల్లులుగా పొడిచి ఇచ్చే కార్డుల కట్ట చిన్నదిగా ఉండాలి సుమండీ. ఏ గడికా గడి విడిగా రాసి దస్తాలు తెచ్చారంటే లోపలికి కూడా రానివ్వను."

లైబ్రరీ పుస్తకం చూసి యంత్రానికి సూచనలు రాసే పద్ధతి నేర్చుకున్నాను. మొదటి పని ముక్కలకు అంకెలు. బంటు ఒకటి, గుర్రం రెండు, ఒంటె మూడు, ఏనుగు నాలుగు, మంత్రి ఐదు, రాజు ఆరు. నల్లవాటికి అవే అంకెలు, ముందు తీసివేత గుర్తుతో. మరి ఖాళీ గడికి? ఇక్కడ నా వృత్తి అక్కరకొచ్చింది. అచ్చులో మాటకీ మాటకీ మధ్య తెల్లగా కనపడే చోట నిజానికి ఒక సీసం ముక్క ఉంటుంది. అది పెట్టకపోతే వరుస నిలబడదు. ఖాళీ కూడా పెట్టవలసిన ముక్కే. అందుకని ఖాళీ గడిలో సున్నా పెట్టాను.

గడులకు కింది వరుస ఎడమ నుంచి కుడికి ఒకటి నుంచి ఎనిమిది, పై వరుస తొమ్మిది నుంచి పదహారు, అలా అరవై నాలుగు దాకా. గుర్రం రెండు గడులు కుడికి, ఒకటి పైకి వెళ్లాలంటే పది కలపాలి. రెండు పైకి, ఒకటి కుడికి అంటే పదిహేడు. ఎనిమిది దూకుళ్లకు ఎనిమిది అంకెలు, అంతే. ఎంత చక్కగా ఉందో! యంత్రం చేసినట్టే కాగితం మీద ఒక్కో ముక్కకూ ఒక్కో అంకె కలుపుకుంటూ పోయాను. ఇరవై ఒక్క ఎత్తులు వచ్చాయి.

గోడ మీద మూడుసార్లు తట్టిన చప్పుడైంది. ఓనరు సారు ఆటకు పిలిచే పద్ధతి అది. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియం బడిలో పంతులు. చూపు పోయి పదేళ్లయినా బల్ల ముట్టుకోకుండా నన్ను ఓడించేవారు. ఆ రోజు ఆట మొదలెట్టకుండా నా ఘనకార్యం చెప్పాను.

"ఎన్నొచ్చినయంటివి?"

"ఇరవై ఒకటి సార్."

ఆయన గడ్డం గోక్కున్నారు. "జర ఆగు. మా పాత ఆటల బంటుకు ఒక్క గడే, పన్నెండొస్తయి. అంగ్రేజోల్ల ఆటల రెండు గడులు గూడ పోతది, ఇర్వై. గీ ఇర్వై ఒకటి ఏ దేశమోల్లదయ్యా?"

"లెక్క తప్పదు సార్."

"లెక్క తప్పదు, గుర్రం తప్పుతది. సదువు, ఒక్కొక్కటి."

చదివాను. ఏడో గడిలోని గుర్రం పదిహేడో గడికి అనగానే ఆయన పగలబడి నవ్వారు. "కుడి దిక్కు ఉన్న గుర్రం ఎడమ దిక్కు చివరికి పోయిందా? గాడ సందు పెట్టినవా ఏంది?"

ఏడుకు పది కలిపితే పదిహేడే. కానీ ఎనిమిదో గడితో వరుస అయిపోతుందనీ, తొమ్మిదో గడి పై వరుసలో ఎడమ మొదట్లో ఉంటుందనీ అంకెలకు తెలియదు. నా ఒక్క అవకాశం ఆ గుర్రంతో పాటు బల్ల దాటి పోయేదే. అంచుల్లో ఉన్న ప్రతి గడికీ విడిగా హద్దులు రాస్తే తప్పు పోతుంది, కానీ కార్డుల కట్ట పెరుగుతుంది. లెక్చరరు గారు గుమ్మంలోనే ఆపేస్తారు.

"సార్, మీరు కళ్లు లేకుండా హద్దు ఎలా కనుక్కుంటారు?"

"నేను గడులు లెక్కపెట్టనయ్యా. మనసుల నడుస్త. బల్ల అయిపోయిన కాడ గోడ తగుల్తది. తగిలితె ఎనక్కొస్త."

అదే కావలసింది. బల్ల చుట్టూ గోడ కట్టాలి. గోడ కూడా గడులే, వాటిలో తొంభై తొమ్మిది అనే అంకె. దూకిన చోట తొంభై తొమ్మిది ఉంటే ఎత్తు చెల్లదు. ఒక్క పరీక్షతో అన్ని అంచులూ తేలిపోతాయి. గుర్రం రెండు గడుల దూరం పోతుంది కాబట్టి గోడ రెండు గడుల మందం. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. గీసుకున్నాను.

మర్నాడు పొద్దున మా ఆవిడ సుత్తీ మేకూ పట్టుకుని ఆ గోడ ముందే నిలబడి ఉంది. "చెక్క అర కొడదామంటే ఈ గోడ మనదో వాళ్లదో చెప్పరు! రాత్రంతా గోడలే గీశారు కదా, చెప్పండి."

"ఇద్దరిదీనూ. మధ్యలో ఒకటే గోడ," అన్నాను. అన్నవాణ్ణి అలాగే నిలబడిపోయాను.

అంకెల్లో ఒక వరుస కుడి చివర అయిపోగానే పై వరుస ఎడమ మొదలవుతుంది. అంటే కుడి గోడ, పై వరుస ఎడమ గోడ ఆనుకునే ఉంటాయి. పక్కన ఒక్కో గడి మందం చాలు, రెండూ కలిసి రెండవుతాయి. కిందా పైనా మాత్రం రెండేసి వరుసలు ఉండాలి. వెడల్పు పది, ఎత్తు పన్నెండు, మొత్తం నూట ఇరవై. ఇరవై నాలుగు గడులు మిగిలాయి. అది పెద్ద పొదుపేమీ కాదు, కానీ అచ్చులో ఒక్క పంక్తి కూడా వృథా పోనివ్వని అలవాటు నాది. వెడల్పు పది కనుక అదే దూకుడుకు ఇప్పుడు పన్నెండు కలపాలి. ఆ గుర్రం ఇప్పుడు ఇరవై ఎనిమిదో గడిలో ఉంది. ఇరవై ఎనిమిదికి పన్నెండు కలిపితే నలభై. నలభయ్యో గడి గోడే.

"మేకు కొట్టమంటారా, వద్దా?"

"కొట్టు. సారు వింటే ఆటకు పిలిచాననుకుంటారు."

నిజంగానే అటు నుంచి మూడుసార్లు బదులొచ్చింది.

ఆ ఆదివారం లెక్చరరు గారు నా కాగితాలు కార్డుల మీద పొడిపించి కట్టను లోపలికి పంపించారు. అరచేతిలో ఇమిడే కట్ట. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. భయపడ్డానని రాస్తే అబద్ధం. నూట ఇరవై గడులనూ వేలితో తడుముకుని వచ్చినవాణ్ణి. లోపల యంత్రం చప్పుడు ఆగాక ఆయన పొడుగాటి కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"మీరే లెక్కపెట్టుకోండి."

ఇరవై పంక్తులు. ఇరవై ఒకటో పంక్తి ఉండాల్సిన చోట తెల్ల కాగితం.

"మళ్లీ అడగొద్దన్నాను కదా, ఇప్పుడు నేనే అడుగుతున్నాను," అన్నారాయన. "నల్ల ముక్కల ఎత్తులు కూడా రాయించగలరేమో చూసి వచ్చే నెల రండి."

ఇంటికొచ్చి గోడ తట్టాను. సారు అన్నీ చదివించుకుని, వేళ్లు మడుచుకుంటూ విన్నారు. ఇరవయ్యోది అయ్యాక మడిచిన వేళ్లు విప్పారు. "ఇంకోటి లేదు గద?"

"లేదు సార్."

"గట్లయితె ఆ కాగితం ఇయ్యి. నేను సదవలేను, ఉంచుకుంట."

ఇక కృతజ్ఞతలు. పేర్లు అడిగి రాయడానికి చాలామంది మిగల్లేదు, మిగిలిన ఒకరిద్దరూ వద్దన్నారు. కనుక పనులు చెప్పి దండం పెడతాను. మూసే వేళ దాటినా నా బల్ల మీది దీపం ఆర్పని లైబ్రరీ అటెండరుకు, తన తప్పు దిద్దినవాడికి టీ ఇప్పించిన లెక్చరరు గారికి, కార్డులు పొడిచిన గుమాస్తాకు, సరైన పొద్దున సరైన ప్రశ్న వేసిన మా ఆవిడకు, బల్ల చుట్టూ గోడ ఉందని చూపించిన సారుకు. చివరగా, కోఠీలో దొరికిన ఆ పత్రికలోంచి రెండు కాగితాలు చించుకుపోయిన మనిషి ఎవరో, వారికి కూడా.