వాగ్దానాల పెట్టెలో జేబురుమాలు

మా చర్చిలో ఒకసారి ఆరాధన మధ్యలో ఫ్యాను ఊడిపడింది. ఆడవాళ్ళు కూర్చునే వైపు, చాప మీద, ఇద్దరి మధ్య ఉన్న కాస్త ఖాళీలో పడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆ తర్వాత నెలరోజులు సాక్ష్యాలన్నీ ఆ ఫ్యాను గురించే. దేవుడు చెయ్యి అడ్డం పెట్టాడని ఒకరు, నాతో ఆయనకింకా పని ఉందని ఒకరు. ఆ ఫ్యాను వేలాడే హుక్కు తుప్పు పట్టి ఊగుతోందని ఆర్నెల్లుగా సంఘంలో అందరికీ తెలుసు. దాని గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. అప్పటినుంచి ఎవరైనా "దేవుని చిత్తమండీ" అంటే నా చూపు ముందు హుక్కు కోసం వెతుకుతుంది. నా బుద్ధే అంత. బడిలో పిల్లలు జ్వరమంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిగాని ఇంటికి పంపని టీచర్ని.

మా అమ్మకి ఇలాంటి అనుమానాలేమీ లేవు. ఆమెకి ఒక పెట్టె ఉంది. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో మా దగ్గర పళ్ళెంలో వాగ్దాన కార్డులు తిప్పుతారు. చూడకుండా ఒకటి తీసుకోవాలి. దాని మీద అచ్చువేసిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. అందరూ దాన్ని అద్దానికో బీరువాకో అంటించుకుని, ఏడాది తిరగ్గానే పారేస్తారు. అమ్మ పారేయదు. ఇంట్లోవాళ్ళవీ, ఇరుగుపొరుగువాళ్ళవీ కూడా అడిగి తెచ్చి, ఒకప్పుడు లేసు దారపు ఉండలు దాచుకున్న రేకుపెట్టెలో వేస్తుంది. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆ పెట్టె దగ్గరే. ప్రార్థన చేసి, కళ్ళు మూసుకుని, చెయ్యి పెట్టి ఒక కార్డు తీస్తుంది. నా టీచర్ ట్రైనింగ్, నా పెళ్ళి, వంటగదికి రేకులా స్లాబా అన్నది, అన్నీ అలా తేలినవే.

ఆ పెట్టె మీద నాకు చిన్నప్పటినుంచీ అనుమానమే. అమ్మ నరసాపురంలో సగం జీవితం లేసు అల్లింది. మాట్లాడుతూ, పొయ్యి మీద ఎసరు చూసుకుంటూ, చేతుల వైపు చూడకుండా అల్లేది. ఒక్క అల్లిక తప్పినా వేలికే తెలిసిపోయేది. అలాంటి వేళ్ళకు ఏ కార్డు ఏదో తెలియదంటే నేను నమ్మాలా? పైగా వచ్చిన వాక్యం నచ్చకపోతే "చెయ్యి వణికిందే" అని ఇంకోటి తీసేది.

నిరుడు ఎండాకాలంలో అమ్మ కాలి చిటికెన వేలికి షుగరు పుండు లేచింది. నాకు చెప్పలేదు. సాక్సు తొడుక్కుని తిరిగింది. ఈ ఎండలో సాక్సేంటని నాకు అనుమానమొచ్చి, ఆమె మంచం మీద ఉండగా లాగేశాను. వేలు నల్లబడిపోయి ఉంది. ఊళ్ళో డాక్టరు చూసి, వేలు తీయాల్సి రావచ్చు, ఆలస్యం చేస్తే పాదం దాకా పాకుతుంది, ఈ వారంలోపే రాజమండ్రి తీసుకెళ్ళండి అన్నాడు.

"దేవుణ్ణి అడగనీ," అంది అమ్మ. "శనివారం ప్రార్థనలో అడుగుతాను."

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయనది పోలవరం దగ్గర ఉద్యోగం, ఆదివారాలే ఇంటికొస్తాడు. అంతా విని, "మీ అమ్మ కదా, నీ ఇష్టం," అన్నాడు. అది ప్రేమో తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తేలలేదు.

మరునాడు మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయడానికి వచ్చారు. ఆయన నూనె రాసి, విశ్వాసముంచండి అని చెప్పి వెళ్ళిపోతారేమోనని నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. కానీ ఆయన కుర్చీలో కూర్చుంటూనే, "పెద్దాసుపత్రికి ఎప్పుడు వెళ్తున్నారమ్మా?" అన్నారు.

"దేవుడు స్వస్థపరచలేడాండి?" అంది అమ్మ.

"పరచగలడమ్మా. కానీ మనం చేయాల్సిన పని కూడా ఆయన మీదే వేస్తే ఎలా? ఆ తోటలో వద్దన్న పండు ఎందుకు తిన్నావని దేవుడు అడిగితే, మొదటి మనిషి భార్య మీదకి తోశాడు. ఆవిడ పాము మీదకి తోసింది. పండు తిన్నందుకంటే అలా తోసుకున్నందుకే దేవుడు ఎక్కువ బాధపడి ఉంటాడని నాకనిపిస్తుందమ్మా. ఆయన మనిషిని అడిగే దేవుడు. అడిగాడంటే, మనిషి నిజం చెప్పగలడని నమ్మినట్టే కదా."

మాట బాగుంది. బాగున్నందుకే నాకు అనుమానమొచ్చింది. రేపు ఏదైనా అయితే చెడ్డపేరు తనకి రాకూడదని ఇలా మాట్లాడుతున్నారేమో అనుకున్నాను. గేటు దాకా వెళ్ళి, "అయ్యగారండీ, వెళ్ళమని మీరే గట్టిగా చెప్పండి, మీ మాటైతే వింటుంది," అన్నాను.

"కూతురు మీరుండగా నేనేంటండి టీచరుగారూ," అని ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. చూశావా, జారుకున్నాడు అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుండగా పెట్టె తీశాను. కార్డులన్నీ చదివి రెండు కుప్పలు చేశాను. లేచి వెళ్ళు, భయపడకు, నేను తోడుంటాను అనేవి ఒక పక్క. ఊరకుండు, ఓపికతో కనిపెట్టుకుని ఉండు అనేవి ఇంకో పక్క. అలా ఆగి ఎదురుచూడమనేవే ఎక్కువున్నాయి. వాటన్నిటినీ నా స్కూలు బ్యాగులో దాచేశాను. పెట్టె సగానికి పైగా ఖాళీ అయిపోయింది. మా ఆయన జేబురుమాలు మడతపెట్టి అడుగున వేసి, మిగిలిన కార్డులు పైన పరిచాను. మూత చప్పుడు కాకుండా పెట్టాను. దేవుడు చూస్తున్నాడని కాదు, అమ్మ లేస్తుందని.

శనివారం ప్రార్థన అయ్యాక అమ్మ పెట్టెలో చెయ్యి పెట్టింది. ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపే ఉంచింది. ఒక కార్డు తీసి, చత్వారం కదా, నా చేతికిచ్చింది. బయలుదేరమనే వాక్యమే. పైకి చదివాను. అమ్మ నా మొహం కేసి కాసేపు చూసి, "సరే అయితే, చీరలు సర్దు," అంది. రెండో కార్డు తీయలేదు.

తెల్లారి రైలెక్కాం. నిడదవోలు దాటేదాకా నాకు సంతోషమే. ఒక మంచిపని తెలివిగా చేశానని లోపల మురిసిపోయాను కూడా.

రాజమండ్రిలో ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద అమ్మే సంతకం పెట్టుకుంది. చిటికెన వేలు తీశారు. మూడో రోజు కట్టు విప్పి చూసి డాక్టరు నన్ను పిలిచాడు. పక్క వేలి రంగు కూడా మారుతోందట. తీసేయచ్చు, లేదా మందులతో రెండురోజులు ఆగి చూడొచ్చు, ఆగితే పైకి పాకే ప్రమాదం ఉంది, ఆమె నీరసంగా ఉన్నారు, మీరు మాట్లాడుకుని చెప్పండి అని అలాంటి కాగితమే ఇంకోటి నా చేతిలో పెట్టాడు.

కాగితం పట్టుకుని అమ్మ మంచం దగ్గరికి వచ్చాను. విషయం చెప్పాను. ఆ తర్వాత నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

"దేవుని చిత్తం ఎలా ఉంటే అలా అమ్మా."

అమ్మ కళ్ళు తెరిచింది.

"ఆయన మీదకి తొయ్యకే. పెట్టెలో రుమాలు ఆయన పెట్టాడా?"

సిగ్గుతో మొహం మండిపోయింది.

"చెయ్యి పెట్టగానే తెలిసింది. అల్లుడిగారి రుమాలు, అంచు నేను కుట్టిందే. కార్డులు సగమే ఉన్నాయి."

"మరి తెలిసీ ఎందుకొచ్చావు?"

"నీకు ఎంత భయమేస్తే ఆ పని చేశావో అనిపించింది. వచ్చాను." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "వెళ్దామమ్మా అని నువ్వు ఒక్కసారైనా నోటితో అన్నావా? డాక్టరు అన్నాడన్నావు, అయ్యగారన్నారన్నావు. ఆఖరికి దేవుడి చేత కూడా అనిపించావు. నువ్వు మాత్రం అనలేదు."

నిజమే. అందరి హుక్కులూ వెతికినదాన్ని. నేను చెప్పి తీసుకొచ్చాక ఏదైనా అయితే ఆ తప్పు నా నెత్తిన ఉంటుందని, అమ్మ వేలికంటే ముందు నా నెత్తినే కాపాడుకున్నాను. అయ్యగారు జారుకోలేదని, నా పని నాకే వదిలి వెళ్ళారని అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది. అమ్మ ఓదార్చలేదు.

"ఇప్పుడు చెప్పు. నువ్వేమంటావు?"

"తీయించేద్దాం అమ్మా," అన్నాను. "నేనే అంటున్నాను. తప్పైతే నన్నే తిట్టు."

"తిడతాలే," అంది అమ్మ, కళ్ళు మూసుకుంటూ. "సంతకం పెట్టు."