తుప్పు లేని గుంజ

అన్నయ్య పెద్దకర్మ అయిన మర్నాడు, గోపాలపట్నంలో వాళ్లింటి నుంచి బయల్దేరుతుంటే, వదిన అతని ఇంగ్లీషు నిఘంటువు నా చేతిలో పెట్టింది. బస్సులో తెరిస్తే ‘హేజ్’ అన్న క్రియ కింద పెన్సిల్ గీత కనిపించింది. వేధించడం అని అర్థం. అందులోనూ, తెరచాపల కాలంలో ఓడ మీద నావికుణ్ణి లొంగదీయడానికి అక్కర్లేని పని చెప్పి, అది అయ్యాక మళ్లీ చెప్పి, ఒళ్లు హూనం చేయడం. పాత ఫ్రెంచి నుంచి వచ్చి ఉండవచ్చునట, కచ్చితంగా తెలియదట.

తొంభైల మధ్యలో మేమిద్దరం రేవులోనే పనిచేసేవాళ్లం, అతను జెట్టీ మీద, నేను పనిముట్లు ఇచ్చే స్టోర్లో. ఒకసారి పాత తాడు తెగి, అన్నయ్య ముఠాలో ఒక కళాసీ చెయ్యి పోయింది. తప్పు ఆ కళాసీదేనని రాసిన కాగితం మీద సాక్షి సంతకం పెట్టమన్నాడు సూపర్‌వైజరు. పెడితే కళాసీ ఉద్యోగం కూడా పోతుంది. అన్నయ్య పెట్టలేదు. మర్నాటి నుంచి, ఓడల తాళ్లు కట్టే ఒక ఇనుప గుంజ అతనికి అప్పగించారు. పొద్దున్న రంగంతా గీకాలి, సాయంత్రానికి మళ్లీ వెయ్యాలి, మర్నాడు ఆ కొత్త రంగే గీకాలి.

“ఏటి బావా, గుంజకి రోజుకో కోకా?” అని తోటివాళ్లు నవ్వితే మొదట్లో తనూ నవ్వేవాడు. మూడో నెలకి అన్నం కలపడానికి వేళ్లు వంగేవి కావు. రోజూ స్క్రేపరూ, రంగు డబ్బా స్టోరు కిటికీలోంచి అతనికి అందించేది నేనే. ఒకనాడు ఉండబట్టలేకపోయాను.

“సంతకం ఎట్టీ అన్నయ్యా. ఎన్నాల్లని గీకుతావ్?”

“ఆడికి సెయ్యి పోనాది. కూడు కూడా పోవాలేటిరా? డబ్బా ఇలా ఇయ్యి.”

ఆ వారమే, ఒక విదేశీ ఓడ మీది ముసలి నావికుడు అతని పని చూసి ‘హేజ్’ అన్న ఆ మాట అన్నాడట. అన్నయ్య ఇంటికొచ్చి నిఘంటువు తీసి, చదివి, దాని కింద పెన్సిల్‌తో గీత గీశాడు. తను పడుతున్నదానికి ఒక పేరుందనీ, ఎవరో ఎప్పుడో ఇదే పడ్డారనీ తెలిసి కొంచెం తెరిపిన పడ్డాడనుకుంటాను. చివరికి సూపర్‌వైజరే విసిగి కాగితం వెనక్కి తీసుకున్నాడు. కళాసీకి గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. పెద్దకర్మకి అతను వచ్చి, ఉన్న ఒక్క చేత్తోనే విస్తళ్లు వేశాడు.

ఇప్పుడు రేవులో రంగులు కూడా యంత్రాలే చల్లుతాయంటారు. మాలాంటివాళ్లని లోపలికి రానివ్వరు, చూడలేదు. బస్సు దిగేలోపు ఆ అర్థం మూడుసార్లు చదివాను. పని చెప్పేవాడి సంగతి అందులో ఉంది, పడేవాడి సంగతి ఉంది. కిటికీలోంచి డబ్బా అందించినవాడి ఊసు లేదు. అన్నయ్య కూడా ఎన్నడూ ఎత్తలేదు.