పట్టాల మీద కాపురం

పోలీసు చర్య జరిగిన కొన్నేళ్ళకు నాకు పెళ్ళయింది. మా ఆయన రైలు వంతెనల పనిలో మేస్త్రీ. అత్తగారి ఊరు మెట్‌పల్లి పక్కన పల్లె అయినా, నేను కాపురానికి పోయింది మాత్రం ఒక రైలు డబ్బాలోకి. సరుకులు మోసి మోసి పాతబడిన పెట్టెకు రెండు కిటికీలు కోసి, నడుమ ఒక చెక్క అడ్డం పెట్టి, వంతెన పనివాళ్ళ సంసారాలకు ఇచ్చేవారు. పని ఎక్కడ పడితే అక్కడికి ఇంజను మమ్మల్ని లాక్కుపోయి, ఏదో చిన్న స్టేషన్లో పక్క పట్టా మీద వదిలేసి పోయేది.

మొదటిసారి డబ్బా కదిలిన రోజు ఇంకా గుర్తుంది. ఇంజను వచ్చి తగలగానే పొయ్యి మీది అన్నం గిన్నె బోర్లాపడింది. పుట్టింటివాళ్ళు కట్టిచ్చిన మామిడికాయ తొక్కు జాడీ పగిలి, నూనె, కారం చాప నిండా పారాయి. ఏం చేయాలో తోచక ఏడుస్తూ కూర్చుంటే పక్క డబ్బాలో ఉండే కమ్మరాయన భార్య ఎక్కి వచ్చింది. నాకన్నా బాగా పెద్దది. అప్పటినుంచి ఆమెను అక్కా అనే పిలిచాను.

"ఏడ్వకు చెల్లే. గిది ఇల్లు కాదు, బండి. బండిల ఏ సామానైనా కట్టేసన్న ఉండాలె, ఇరికిచ్చన్న ఉండాలె" అంది, నూనె తుడుస్తూనే.

ఆ డబ్బాలో ఎలా బతకాలో ఆమే నేర్పింది. ఉట్టిని పైన కట్టి ఊరుకుంటే ఊగుతుంది, కింద కూడా తాడేసి గుంజి కట్టాలి. బొంతలు పొద్దున్నే చుట్టి సందుగ పెట్టెకూ గోడకూ నడుమ కుక్కాలి. కడవ గడ్డి కుదురులో కూర్చోవాలి, సగమే నింపాలి. గిన్నెలు జారకుండా అవి పెట్టే చెక్క అంచుకు మా ఆయన వెదురు బద్ద కొట్టాడు. తీసింది తీసిన చోట పెట్టేదాకా ఇంకోటి తీయకూడదు. ఇంజన్ల మసి మాత్రం ఎంత ఊడ్చినా పోయేది కాదు. ఉతికిన చీర మడత విప్పితే నల్లటి పొడి రాలేది.

పురుటికి పుట్టింటికి పోయి, నెలల ఆడపిల్లతో మళ్ళీ ఆ డబ్బాకే వచ్చాను. పైన కొక్కేలకు చీర ఊయల కట్టాం. కదలని ఇల్లు ఉంటుందని దానికి తెలియదు. మూడేళ్ళు దాటేసరికి ప్రతి సామాను జాగా దానికి నోటికొచ్చింది.

"అవ్వా, చెంబు దాని జాగల లేదు" అని నన్నే గదమాయించేది. దూరాన ఇంజను కూత వినబడితే ఆట వదిలి ఉరికొచ్చి, కడవను రెండు చేతులా వాటేసుకుని కూర్చునేది. "నేను పట్టుకున్ననే. నువ్వు కందిలి తియ్యి" అనేది.

ఒక వానాకాలం బెల్లంపల్లి దాటిన తర్వాత అడవిలో ఒక స్టేషన్లో ఉన్నాం. ముసురు పట్టి వాగులు పొంగాయి. కమ్మరాయన తప్ప మగవాళ్ళంతా వంతెన దగ్గరే ఉన్నారు. అప్పుడు బిడ్డకు జ్వరం వచ్చింది. కషాయం పోశాను, స్టేషను మాస్టరు ఇచ్చిన గోలీలు వేశాను. తగ్గలేదు. బెల్లంపల్లి దవాఖానకు పోదామంటే పట్టాల కట్ట కోసుకుపోయి బండ్లు నిలిచిపోయాయి. కమ్మరాయన వానలోనే పట్టాలెంబడి నడిచిపోయి మా ఆయనను తీసుకొచ్చాడు.

ఆయన తడిసిన బట్టలతోనే పక్కన కూర్చుంటే పిల్ల కళ్ళు తెరిచింది.

"బాపూ, డబ్బా కదులుతుందా?"

"లేదు బిడ్డా. ఈడనే ఉన్నది. పండుకో."

"కదులుతుంది" అంది. చేతులు చాచి దేనికోసమో వెతికింది. నేను నా చేయి ఇచ్చాను.

తెల్లారాక వాన వెలిసింది. దారి బాగవుతుందని, సాయంత్రానికి బండి వస్తుందని మాస్టరు కబురు చేశాడు. మధ్యాహ్నానికే నా ఒళ్ళో దాని ఊపిరి ఆగిపోయింది.

సిగ్నలు అవతల ఇప్పచెట్ల కింద పూడ్చాం. మా ఆయన గుంత ఎవరినీ తవ్వనీయలేదు. గుర్తుకని పట్టాల కింద పరిచే పాత స్లీపరు చెక్క ముక్క ఒకటి పాతాడు.

వంతెన పని తీరగానే డబ్బాలు కదలాలని హుకుం వచ్చింది.

"నేను రాను. పోరిని ఒక్కదాన్నే అడవిల వదిలిపెట్టి ఎట్ల వస్త?" అన్నాను.

"నాకు మాత్రం పోబుద్ధయితుందానే?" అన్నాడు మా ఆయన. గుమ్మంలో అటు తిరిగి కూర్చున్నాడు.

అక్క వచ్చి నా ఇల్లు సర్దింది. ఉట్టి గుంజి కట్టింది, గిన్నెలు ఇరికించింది, కడవ చుట్టూ బొంతలు కుక్కింది. చిన్న గౌన్లు మడిచి, నన్ను అడగకుండానే సందుగ అడుగున పెట్టింది. ఇంజను వచ్చి తగిలింది. ఏదీ పడలేదు, ఒక్క గిన్నె చప్పుడు కాలేదు. ఎన్నడూ లేనంత పొందికగా ఉంది నా ఇల్లు. ఆ పొందిక చూడలేక చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. కిటికీలోంచి ఇప్పచెట్లు కాసేపే కనబడ్డాయి.

ఆ ఏడాదే మా ఆయన తిరిగే పని మాని మంచిర్యాలలో ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. మరుసటి ఎండాకాలంలో ఇద్దరం ఆ స్టేషనుకు పోయాం. చెక్క ముక్క లేదు. ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయినట్టున్నారు. వానకు మట్టి కుంగి, నేలంతా ఒక్కలాగే ఉంది.

"గిక్కడనే" అన్నాడు ఆయన ఒక చెట్టు కింద నిలబడి.

"కాదు, గా చెట్టు కింద. నాకు ఎరుకలేదా?"

"తవ్విందెవరే? నేను కాదా?"

నడి ఎండలో చాలాసేపు కొట్లాడుకున్నాం. చివరికి ఆయన పూల పొట్లం విప్పాడు. తెచ్చిన బంతిపూలు చెరి సగం చేసి రెండు చోట్లా పెట్టి, ప్యాసింజరు వచ్చేదాకా ఆ రెండు చెట్ల నడుమ కూర్చున్నాం.