రాదు బాబాయ్

మా ఊరి బస్‌స్టాపులో నిలబడి "బస్సెప్పుడొస్తుందండీ?" అని ఎవరడిగినా ఎర్సీలియో బాబాయ్ చెప్పే జవాబు ఒక్కటే. "రాదు."

ఎండల్లోనూ రాదు, మంచులోనూ రాదు. మలుపు దగ్గర హారన్ మోగుతున్నా రాదు. ఒకసారి బస్సొచ్చి సరిగ్గా ఆయన మోకాళ్ళ ముందే ఆగి తలుపు తెరుచుకుంటే, తలెత్తి చూసి "ఇది మనది కాదు" అన్నాడు. మా మోంతెబుయో కొండెక్కేది మొత్తం మీద ఆ ఒక్క బస్సే!

ఆ బస్సు టిక్కెట్లు అమ్మేదాన్ని నేను. నా పేరు లోరెదానా. కాఫీ, సిగరెట్లు, టిక్కెట్లు అన్నీ నా కొట్లోనే దొరుకుతాయి. కొట్టు ముందున్న బెంచీ మాత్రం బాబాయ్‌ది. మా చర్చి గోడల మీది పాత బొమ్మలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో యాత్రికులొస్తారు. చూసుకుని, టిక్కెట్టు కోసం నా గుమ్మమెక్కుతారు. ఎక్కగానే ఈయన తగులుతాడు.

"టిక్కెట్టెందుకమ్మా, డబ్బు దండగ. బస్సు రాదు. వచ్చినా కింద రైలందదు. అందినా కూర్చోడానికి చోటుండదు."

వాళ్ళు బిక్కమొహాలేసుకుని వర్షంలో నిలబడతారు. అంతలో బస్సొస్తుంది. అప్పుడు చూడాలి వాళ్ళ గంతులు! ఒకరినొకరు కావిలించుకోవడం, డ్రైవరుకి చేతులూపడం. డ్రైవరు నజ్జరేనో ఆ మర్యాదలకి సిగ్గుపడి చచ్చిపోతుంటాడు.

"ఎందుకు బాబాయ్ నా బేరం చెడగొడతావు? నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు."

"ఊరు మంచిది కాదులే" అనేవాడు.

శుభం పలకరా మంకెన్నా అంటే పెళ్ళికూతురు ముండ ఎక్కడ అన్నాడన్న సామెత ఈయన్ని చూసే పుట్టించి ఉంటారు. నా పెళ్ళినాడు పెళ్ళికొడుకు రావడం కాస్త ఆలస్యమైంది. బాబాయ్ చర్చి మెట్ల మీద నిలబడి "రాడు" అన్నాడు. మా అమ్మ గొడుగు తిరగేసి వెంటపడింది. ఈలోగా మా ఆయన రొప్పుకుంటూ వచ్చాడు. "ఇదిగో, వచ్చాడుగా!" అన్నాను. "ఉండడు" అన్నాడు బాబాయ్. పాపం, పోయేదాకా ఉన్నాడు.

నవంబరొచ్చిందంటే మా ఊళ్ళో పగలు కూడా దీపాలే. పొగమంచు కొట్లోకొచ్చి కూర్చుంటుంది, కాఫీ కూడా అడగదు. వయసులో ఉన్నవాళ్ళు ఎప్పుడో కిందికి దిగిపోయారు. మిగిలినవాళ్ళం, ఈసారి ఎవరి వంతా అన్నట్టు ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటూ ఉంటాం. ఆ దినాల్లో ఒక శుక్రవారం హెన్రికా అనే ముసలావిడ సంచీతో కొట్లోకొచ్చింది. దేశం హాలండు. ఒక్కతే వచ్చింది.

"ఒక టిక్కెట్టు. కింద స్టేషను. తర్వాత రైలు. ఫ్లోరెన్సు. అక్క" అంది, మా భాషని ముక్కలు చేసి.

ఆ ముక్కలన్నీ అతికిస్తే తేలిందిది. తల్లి పోయినప్పుడు గోడగడియారం ఎవరికన్న దగ్గర అక్కాచెల్లెళ్ళకి మాటా మాటా పెరిగి పలకరింపులు పోయాయి. ఇప్పుడా అక్క ఏదో యాత్రలో మా దేశమొచ్చింది. ఈ సాయంత్రం ఫ్లోరెన్సు స్టేషన్లో నిలబడతాను, వస్తే సరి, రాకపోతే ఇంక నాకు చెల్లెలు లేదనుకుంటాను అని కబురంపింది. ఈవిడ ముందే వచ్చింది గానీ, అక్కని చూడాలంటే భయమేసి మా కొండెక్కి కూర్చుంది.

"ఓ ఫోను కొట్టకపోయావా అమ్మా?"

"అక్క ఎత్తదు."

ఆ రోజు బస్సుల సమ్మె. మా దేశంలో సమ్మెలు శుక్రవారం చూసుకునే పుడతాయి. పొద్దున్నే ఒక్కటి నడిపి ఆపేశారు. టాక్సీవాడికి ఫోను చేస్తే ఏదో పెళ్ళికి పోయాడన్నారు. ఎలా చెప్పాలా అని నేను గుటకలు మింగుతుంటే, ఆవిడ గుమ్మంలో ఉన్న బాబాయ్‌ని అడిగింది. "బస్సు వస్తుందా?"

సరే, ఈ జన్మకి ఒక్కసారైనా ఈయన మాట నిజమవుతుందనుకున్నాను.

బాబాయ్ ఆవిడ మొహం చూశాడు. సంచీ పిడి వదలకుండా పట్టుకున్న చేతులు చూశాడు.

"వస్తుంది" అన్నాడు.

కొట్లో ఓ మూల ముసలాళ్ళాడుతున్న పేకాట ఆగిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా ఈయనకి?" అన్నారెవరో. నేను చొక్కా పట్టుకుని బయటికి లాక్కుపోయాను.

"ఇవాళ సమ్మె, తెలుసా?"

"తెలుసు."

"మరి ఆ ముసలావిడకి ఆశెందుకు పెట్టావు? నీకేమన్నా పుణ్యమా?"

"టిక్కెట్టివ్వవే" అని, వర్షంలో గొడుగైనా లేకుండా పైవీధికేసి పరుగెత్తాడు. ఆ మనిషి పరుగెత్తగా నేను ఎన్నడూ చూడలేదు.

టిక్కెట్టిచ్చాను. ఆవిడ బెంచీ మీద కూర్చుని మలుపుకేసే చూస్తోంది. ఆ చూపు చూళ్ళేక లోపలికొచ్చి బాబాయ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. రోజూ రాదు రాదని ఏడ్చే శకునపక్షికి ఇవాళే దొరికిందా తీపికబురు!

అంతలో పొగమంచులోంచి ఓ బండి వచ్చి ఆగింది. పొడుగ్గా, నల్లగా, అద్దాలకి తెరలూ నెత్తిన వెండి శిలువా ఉన్న మా ఊరి శవాల బండి. దాన్ని తోలే బెనియామీనో మొహం ముడుచుకునున్నాడు.

"బతికున్నవాళ్ళని ఎక్కించుకోవడం మన వృత్తికి మంచిది కాదు బాబాయ్."

"నీ బండెక్కి దిగినవాళ్ళు ఇంతవరకూ ఎవరైనా ఉన్నారట్రా? ఈవిడ దిగుతుంది. నలుగురికీ చెప్పుకో."

హెన్రికా శిలువకేసి చూసింది, తెరలకేసి చూసింది. "ఇది బస్సా?"

"ఇవాళ్టికి ఇదే" అన్నాడు బాబాయ్.

ఇంకో మాటడక్కుండా ఎక్కి, ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుంది. కూర్చున్నాక కంగారుగా అటూ ఇటూ వెతుకుతోంది. మా బస్సుల్లో ఎక్కగానే టిక్కెట్టుకి మిషన్లో ముద్ర కొట్టుకోవాలి, లేకపోతే జరిమానా. ఎవరో బాగా భయపెట్టారు కాబోలు. బాబాయ్ ఆ టిక్కెట్టు తీసుకుని ఓ మూల పంటితో కొరికి ఇచ్చాడు. "ముద్ర పడింది, పద."

బండి దిగుతుంటే దారిలో వాళ్ళు టోపీలు తీసి శిలువ గుర్తు వేసుకున్నారు. హెన్రికా అందరికీ చెయ్యూపుతూ వెళ్ళింది.

చీకటి పడుతుండగా బాబాయ్ తిరిగొచ్చాడు.

"రైలందిందా?"

"అందింది. అదీ ఆలస్యమే."

"వాళ్ళక్క ఉంటుందంటావా?"

"ఉండదు. ఉన్నా పోట్లాడుకుంటారు."

వేడి పాలలో కాస్త సారా కలిపి ఇచ్చాను. "ఇన్నాళ్ళూ లేంది ఇవాళ వస్తుందని ఎందుకన్నావు బాబాయ్?"

తాగి, మూతి తుడుచుకున్నాడు. "వస్తుందని చెబితే, వచ్చినప్పుడు ఎవడికీ సంతోషముండదే అమ్మాయ్. రాదని చెప్పి చూడు, వచ్చినప్పుడు ఎలా గంతులేస్తారో! ఈ దిక్కుమాలిన ఊళ్ళో వాళ్ళకి నేనింకేం పెట్టగలను? కానీ రాదన్న మాట తట్టుకోగలిగిన వాళ్ళకే చెప్పాలి. ఆవిడ తట్టుకోలేదు."

ఇందాక తిట్టిన తిట్లన్నీ వెనక్కి మింగాను.

మరుసటి వారం ఒకరోజు మధ్యాహ్నం బస్సులోంచి హెన్రికా దిగింది. ఆవిడ వెనకాలే అదే ముక్కు, అదే గడ్డం ఉన్న ఇంకో ముసలావిడ దిగింది. ఇద్దరూ తెగ పోట్లాడుకుంటున్నారు.

"చెప్పానా?" అంటూ బాబాయ్ లేచి వాళ్ళ సంచీలందుకున్నాడు.

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసి చెల్లెలితో ఏదో అంది. హెన్రికా నవ్వాపుకుంటూ మా భాషలోకి మార్చింది. "మా అక్క నమ్మలేదు. ఆ నల్లబండి చూడ్డానికే వచ్చింది. రేపు స్టేషనుకి తనకీ అదే కావాలట. వస్తుందా?"

కొట్లో అందరం ఆయన నోటికేసే చూస్తున్నాం.

"అది తప్పకుండా వస్తుందమ్మా" అన్నాడు బాబాయ్ ఎంతో ఆప్యాయంగా. "దానికి సమ్మెల్లేవు. కాకపోతే తొందరేం లేదు, రేపటికి బస్సెక్కండి."