మూటల్లేని జాతర

మా నాయనమ్మ రుక్కమ్మకు రాయదుర్గంలో ఒక పేరుండేది. ఆమె కట్టించిన బండెక్కి జాతరకు పోతే ఎవరికీ ఆకలి ఉండదు, ఏ పిల్లా తప్పిపోదు అనేవాళ్ళు. ఈ కథ నాటికి ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు గనుక పేరు పెట్టే చెబుతాను. బతికుంటే చెవి మెలిపెట్టేది.

కీసరగుట్టకు పోవాలన్నా, దారిలో రాత్రుళ్ళు ఆగుతూ ఏడుపాయలకు పోవాలన్నా వాడకట్టంతా ముందు వచ్చి ఆమె వాకిట్లో నిలబడేది. ఎవరు ఏ బండిలో కూర్చోవాలి, జొన్నరొట్టెలు ఎన్ని కాల్చాలి, ఏ వాగు దగ్గర ఎద్దుల్ని విప్పాలి, అన్నీ ఆమె నోటి మీదే ఉండేవి. బయల్దేరేముందు అందరికీ ఒకే పాఠం చెప్పేది. తప్పిపోతే అటూ ఇటూ ఉరకొద్దు, ఉన్నచోటే నిలబడి ‘రాయదుర్గం’ అని గొంతు చించుకొని అరవాలి. ఆ మాట విన్న మనవాళ్ళు ఎక్కడున్నా బదులు అరవాలి. ఈ పద్ధతిలో దొరికిన పిల్లలు చాలామందే ఉన్నారు. ఒకసారి మా తాత బాలనర్సయ్య కూడా ఇట్లాగే దొరికాడు.

ఇంత చేసిన మనిషి ఒక్క జాతరలోనూ దేవుణ్ణి చూడలేదు. బండి విప్పగానే మూటల దగ్గర ఒకరు కూర్చోవాలి కదా. గిన్నెలు, గొంగళ్ళు, బియ్యం, ఎద్దులు, అన్నిటికీ కాపలా కావాలి. ఇంటి కోడలు ఉండగా ఇంకెవరు కూర్చుంటారు? కూర్చోమని ఎవరూ అనేవారు కూడా కాదు. అంటే కనీసం మనసులో తిట్టుకోవడానికైనా ఉండేది. ఆమె మూటల మధ్య ఒక మోకాలు పైకి పెట్టుకొని, రథం దిక్కుకు వీపు చేసి కూర్చునేది. అటు తిరిగి ఎందుకు కూర్చుంటావని ఎవరైనా అడిగితే, మూటల మీద కన్నుండొద్దా అనేది. ఏడుపాయల గురించి ఆమెకు తెలిసిందల్లా పక్కవాళ్ళ బండి చక్రాలు, తిరిగొచ్చినవాళ్ళ ముచ్చట్లు. నేనైతే ఆ మూటలన్నీ వాగులో పడేసి పోయేదాన్ని.

పోలీసు చర్య అయిపోయి, ఊళ్ళలో గడబిడ సద్దుమణిగి, జనం మళ్ళీ తలుపులు తీసి పడుకోవడం మొదలుపెట్టిన ఏడు అది. పట్నంలో మూతపడ్డ నుమాయిష్ మళ్ళీ తెరిచారు. మా తాత తమ్ముడు మొగిలి చొప్పబండి తోలుకొని పట్నం పోయి, దాన్ని చూసి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూర్చొని కాళ్ళైనా కడుక్కోకుండా మొదలుపెట్టాడు.

“వదినే, ఆడ ఒక గిరక ఉన్నది. మన బాయి గిరక గాదు, తాటిచెట్టు కంటె పొడుగు. దానికి తొట్లెలు కట్టిండ్రు. తొట్లెల మనుషులను కూసోవెట్టి మీదికి తిప్పుతున్నరు. మీదికి పోతె చార్మినార్ కండ్లవడుతదట. ఇగ పొద్దుగూకంగనె దీపాలు! సుక్కలను కిందికి దించినట్టే.”

మంచం మీద పప్పు చెరుగుతున్న కిష్టమ్మ చేట ఆపింది. కిష్టమ్మ అంటే రుక్కమ్మ అత్త, ఇంటికి పెద్దదిక్కు. ఆమెకు ఎదురు చెప్పాలంటే మా తాత గొంతు సవరించుకునేవాడు, సవరించుకొని ఊరుకునేవాడు.

“ఎవరి జాతరరా అది? మల్లన్నదా, మైసమ్మదా?” అంది.

“ఏ దేవునిది గాదమ్మా. సామాన్ల జాతర. బట్టలు, గాజులు, మిషన్లు పెడుతరు. జనం పోయి సూస్తరు.”

“అంతమంది జమైతరు, అన్ని దీపాలు పెడుతరు, తల్లి లేకుంట ఉంటదా? నువ్వు సరిగ సూసి ఉండవు తియ్.”

మొగిలి తల కొట్టుకున్నాడు. రుక్కమ్మ మాత్రం ఈ గొడవ వినడం లేదు. ఆమె మనసు అప్పటికే పోయి ఆ తొట్లెలో కూర్చుంది. తనకోసమని ఆమె ఏదీ కోరుకున్న మనిషి కాదు. కోరుకోవడం కొత్త గనుక సిగ్గు కూడా వేసిందట. అయినా సరే, ఈసారి లోపలికి పోవాలి, ఆ గిరక ఎక్కాలి అని గట్టిగా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు నవ్వుతారు, నవ్వితే ఇక అడగలేకపోతుంది.

ఎట్లా ఎక్కాలో ఆలోచించింది. మూటలుంటే కాపలా ఉండాలి, కాపలా అంటే తనే. మూటలే లేకపోతే? జాతరలన్నీ నడిపిన బుర్ర అది, ఊరికే పోతుందా!

ఇంట్లో అందరూ పోదామని తేలగానే మా తాత బండికి కందెన పెట్టడం మొదలుపెట్టాడు. రుక్కమ్మ అడ్డం వచ్చింది.

“బండి వద్దు. ఎడ్లను పట్నంల ఏడ కట్టేస్తవ్? మోటరు సప్పుడుకు బెదిరితె పట్టుకునేటోళ్ళెవరు? హఫీజ్‌పేట్ దాంక నడిచి రైలెక్కుదం.”

“ఎడ్లు లేకుంట ఊరు దాటుడేందే? నాకు కాళ్ళు లేనట్టుంటది.”

“ఉన్న కాళ్ళతోటి నడువు.”

తర్వాత వంట గిన్నెల మీద పడింది. జాతర అంటే మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండుకొని తినాలి, అది పద్ధతి. రుక్కమ్మ ఆ పద్ధతికి నీళ్ళొదిలింది. రొట్టెలు నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టింది. ఎవరి ముద్ద వాళ్ళ కొంగులో, పంచె చెరుగులో ముడేసుకోవాలి. నీళ్ళకు ఆనపకాయ బుర్ర, అది మొగిలి భుజానికి. రాత్రి నాంపల్లి స్టేషన్లో పడుకొని పొద్దున రైలుకు తిరిగి రావాలి గనుక గొంగళ్ళు కావాలి, వాటిని కప్పుకొనే రావాలి.

“పట్టపగలు గొంగడి కప్పుకొని తిరిగితె జనం నవ్వుతరే” అన్నాడు మా తాత.

“నవ్వనియ్యి. నవ్వును మోసేదేమన్న ఉన్నదా?”

మూట కట్టడంలో ఊరంతటా పేరున్న మనిషి మూటలంటే ఎందుకు మండిపడుతోందో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. గాలి సోకిందేమోనని కిష్టమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసిందట. ఘాటుకు అందరూ దగ్గారు, కాబట్టి గాలి లేదని తేలింది.

బయల్దేరే రోజు పొద్దున్నే రుక్కమ్మ అందరినీ వాకిట్లో వరసగా నిలబెట్టింది. “రెండు చేతులు లేపుండ్రి” అంది. ఖాళీ చేతులు చూడాలి, అదీ సంగతి. మా తాత గొంగడిలోంచి చేతులు ఎత్తాడు. మొగిలి ఎత్తాడు. మా మేనత్త కనకలక్ష్మి ఎత్తింది. ఇంకా సరిగ్గా నడవడమే రాని మా నాయన నర్సింహ కూడా అక్కను చూసి ఎత్తాడు. కిష్టమ్మ ఒక్క చేయే ఎత్తింది. రెండోది కొంగు చాటునే ఉంచుకొని, “భుజం గుంజుతున్నది, లేవదు” అంది. పెద్దమనిషిని గుచ్చి గుచ్చి అడగడం ఏం బాగుంటుందని రుక్కమ్మ ఊరుకుంది.

గుట్టల మధ్య బాట పట్టుకొని, కొండాపూర్ దాటి, ఎండ ముదిరేసరికి హఫీజ్‌పేట్ చేరారు. రైలు వచ్చింది, ఎక్కారు. నర్సింహ ఇంజను పొగ చూసి ఏడుపు లంకించుకున్నాడు. మొగిలి పక్కనున్న వాళ్ళకు నుమాయిష్ గురించి చెబుతున్నాడు. అంతా సవ్యంగా ఉంది. ఇంతలో రైలు పెద్దగా కూత వేసింది. దానికి బదులుగా కిష్టమ్మ కొంగులోంచి కొక్కొక్కొమని ఇంకో అరుపు వచ్చింది.

ఎర్ర కోడిపెట్ట. కాళ్ళకు తాడు కట్టి ఉంది. పొద్దుటి నుంచి చీకట్లో గమ్మున పడుకొని, ఇప్పుడు తల బయటపెట్టి రైలుపెట్టెలో ఉన్న అందరినీ చూసింది.

“అత్తా! ఇదేంది?”

“ఏందంటవేంది? తల్లికి. మొదటిసారి ఒక జాతరకు పోతున్నం, ఒట్టి చేతులతోటి పోతమా? పిల్లగాండ్లున్న ఇల్లు.”

“తల్లి లేదని మొగిలి చెప్పిండు గదా!”

“వాడు గిరక సూసుకుంట నిలవడ్డడు. వాడికి తల్లి ఏడ కండ్లవడుతది?”

మొక్కిన కోడి అది. అమ్మడానికి లేదు, ఒకరికి ఇవ్వడానికి లేదు, దారిలో వదలడానికి అసలే లేదు. నాంపల్లి వచ్చేదాకా రుక్కమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

నుమాయిష్ దర్వాజా దగ్గర ఆమె భయపడ్డదే జరిగింది. జవాను కర్ర అడ్డం పెట్టాడు. “కోడిని లోపలికి ఇడువం, పెద్దమ్మా” అన్నాడు. ఇది తల్లికి తెచ్చిన కోడి, నాకోసం కాదు అని కిష్టమ్మ వివరించింది. అతను నవ్వాడు గానీ కర్ర తీయలేదు. “జర పక్కకు జరుగుండ్రి, ఎన్క మంది ఉన్నరు” అన్నాడు.

ఇప్పుడు ఏం చేయాలి అని ఎవరూ అనలేదు. ఎవరూ అనకముందే రుక్కమ్మ కోడిని అందుకొని గోడ పక్కన దీపపు స్తంభం కింద కూర్చుంది. ఎన్నో ఏళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆమె కూర్చోగానే మా తాత బరువు దిగిందన్నట్టు గొంగడి తీసి పక్కన పెట్టాడు. మొగిలి తన గొంగడి, బుర్ర పెట్టాడు. కనకలక్ష్మి కొంగు ముడి విప్పి మలీద ముద్ద కూడా తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఇన్ని రోజులు పోరాడి లేకుండా చేసిన మూటలన్నీ ఆమె చుట్టూ కుప్ప పడ్డాయి.

“పోండ్రి, దీపాలు పెట్టకముందే పోండ్రి. తప్పిపోతె ఏం జెయ్యాల్నో ఎరుకే గదా” అంది. ఒక మోకాలు పైకి పెట్టుకొని, దర్వాజాకు వీపు చేసి కూర్చుంది. ఆ కోడి మెడ అక్కడే తిప్పేద్దామన్నంత కోపం వచ్చిందట. ఈ మాట నాకు చెప్పినప్పుడల్లా, దాని తప్పేముంది పాపం అని మళ్ళీ తనే అనేది.

దర్వాజా దాకా పోయిన కిష్టమ్మ, కోడి తాడు ఒకసారి బిగించమని చెబుదామని వెనక్కి తిరిగింది. తిరిగి అట్లాగే నిలబడిపోయింది. తర్వాత నడిచి వచ్చి కోడలి ముందు నిలబడింది.

“ఓ రుక్కీ, అటు తిరిగి ఎందుకు కూసున్నవ్?”

“మూటలు సూడొద్దా, అత్తా.”

“నాకు జెప్పకు ఆ మాట. నువ్వు మా ఇంటికి రాకముందు ఎన్ని జాతరలు గిట్లనే కూసున్న నేను! మొఖం అటు పెడితె మనసు గుంజుతదని ఈపు పెడుతుంటి. మా అత్తకు గూడ మూటలనే చెప్పిన. నువ్వొచ్చినంక సందు దొరికిందని లేసి ఉరికిన. ఎవలు కూసున్నరో తిరిగి సూడలే.”

కిష్టమ్మ వంగి కోడిని లాక్కుంది.

“లే. నా కోడి, నేను గూసుంట.”

“పెద్దదానివి, నువ్వు కూసునుడేంది?”

“పెద్దదాన్ని గనకనే చెప్తున్న, లే! లోపల తల్లి ఉంటె నా పేరు చెప్పి మొక్కు. లేకుంటె ఆ గిరకకే మొక్కు.”

కోడి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ మరచిపోతాను. తల్లి దొరకలేదు గనుక దాన్ని కోయడానికి లేదు. రైల్లో తిరిగొచ్చి, మా ఇంట్లో గుడ్లు పెట్టుకుంటూ, పిల్లల్ని చేసుకుంటూ ముసలిదై చచ్చిపోయింది. ఆ సాయంత్రం వంతులు మారాయి కూడా. రుక్కమ్మ బయటికి వచ్చి కూర్చుంది, కిష్టమ్మ లోపలికి పోయి గాజుల దుకాణం ముందు నుంచి కదలనంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ జాతరకు పోయినా మూటల దగ్గర వంతులే, మగవాళ్ళతో సహా. ఇవన్నీ మా మేనత్త చెబితే తెలిసినవి. నాయనమ్మ ఎప్పుడు చెప్పినా గిరక మీదికి పోయాక కథ ఆపేసేది, కిందికి దిగేది కాదు.

గిరక దగ్గరికి పోయాక మొగిలికి అర్జెంటుగా నీళ్ళు తాగాలనిపించింది. మా తాత పిల్లవాణ్ణి ఎత్తుకోవాలన్నాడు. రుక్కమ్మ, కనకలక్ష్మి ఎక్కారు. తొట్లె కదలగానే రుక్కమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కళ్ళు గట్టిగా మూసుకుంది. గిరక ఆగింది. కింద వేరే జనాన్ని ఎక్కిస్తున్నారు. కళ్ళు తెరిచేసరికి అన్నిటికన్నా పైన ఉంది, అదే క్షణంలో దీపాలు వెలిగాయి. కూతురు చార్మినార్ ఎటున్నదని అడుగుతోంది. రుక్కమ్మ మాత్రం దర్వాజా ఎటున్నదని వెతికింది.

కనిపించింది. స్తంభం కింద గొంగళ్ళ కుప్ప, దాని పక్కన కిష్టమ్మ. ఒక మోకాలు పైకి పెట్టుకొనే కూర్చుంది. కానీ ముఖం ఇటే ఉంది. కంటికి చేయి అడ్డం పెట్టుకొని ఒక్కొక్క తొట్లెనే చూస్తూ కోడలి కోసం వెతుకుతోంది.

రుక్కమ్మ ఇనుప కడ్డీ పట్టుకొని, ఊపిరి నిండా తీసుకొని అరిచింది.

“రాయదుర్గం!”

కింద ముసలామె దిగ్గున లేచింది. ఆమె కూడా అదే మాట అరిచిందట, జనం సందడిలో పైకి వినిపించలేదు. పొద్దున వాకిట్లో ఒక్క చేయే లేపిన మనిషి ఇప్పుడు రెండు చేతులూ ఎత్తి ఊపుతోంది. ఆ చేతుల్లో ఎర్రకోడి రెక్కలు కొట్టుకుంటోంది.