బాగున్న రోడ్డుకే ముందు

అమెరికాలోని ఎడిసన్‌లో మా ఎదురింటావిడ రోడ్ల ఇంజనీరు. నడకకి వెళ్లినా సరే, రోడ్డు మీద సన్నని పగులు కనిపిస్తే వంగి వేలితో తడిమి చూసేది.

ఆ ఏడు మా వీధి నిండా గుంతలుంటే, నున్నగా ఉన్న పక్క వీధి పగుళ్లలో తారు పోయించింది.

“ఇదేం న్యాయమండీ? మీ ఇల్లూ ఇక్కడే కదా!” అని మా ఆయన గట్టిగానే అడిగారు.

“ఉంటే ఏం అన్నయ్యగారూ? నీళ్లు దిగకముందే సీల్ చేస్తే ఆ రోడ్డు నిలుస్తుంది. మనది ఎలాగూ మొత్తం తవ్వి వేయాల్సిందే, కొన్నాళ్లు ఆగుదాం.”

చలికాలం పోయి మంచు కరిగింది. మా గుంతల్లో మొదట పేలింది ఆవిడ కారు టైరే. సాయానికి వెళ్లాను. స్పేర్ టైరు బిగిస్తూ ఆవిడ పక్క వీధి వైపు చూసి, “ఒక్క గుంతా పడలేదు, చూశారా!” అని మురిసిపోయింది.