నీళ్ల కంప్యూటరు, పిడికెడు అక్షింతలు

మా మెదక్ బస్టాండులో కాకులు తప్ప ఎవరూ దిగని రోజులు కొన్ని గడిచాయి. తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న ఆ రోజుల్లో బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో కరెంటుకే తెలియదు. ఆ కాలం మాటకొస్తే అందరూ సభల గురించీ, రోడ్ల మీద వంటావార్పుల గురించీ చెప్తారు. నాకు మాత్రం ఒక రాగి బిందె, దాని మూతిలోంచి బయటికొచ్చిన రెండు గొట్టాలు, వాటి పక్కన కూర్చొని లోకాన్ని గెలిచినట్టు నవ్వుతున్న పందొమ్మిదేళ్ల పిల్ల గుర్తొస్తాయి. ఆ పిల్లను నేనే. అంత భక్తి, అంత తెలివి ఒకే బుర్రలో పక్కపక్క గదుల్లో కాపురముండి, ఒక్కసారైనా ఒకదాన్నొకటి పలకరించుకోకపోవడం ఎట్లా సాధ్యమైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి పోతే సుద్దముక్క దుమ్ముకే రొప్పు వచ్చేది. అందుకని తపాలా ఆఫీసులో పనిచేసే మా బాపు పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన చదువుకు పుస్తకం ఒక సాకు మాత్రమే. అమ్మ పప్పు ఉడికిస్తుంటే ఆవిరి పాఠం, చేదబావి గిలక కిర్రుమంటే బరువుల పాఠం. ప్రతి పాఠం చివర నోటుబుక్కులో బొమ్మ గీయాలి. (గీయకపోతే అన్నం పెట్టనిచ్చేవాడు కాదని అమ్మ అంటుంది. అది నిజం కాదు. ఆలస్యంగా పెట్టనిచ్చేవాడు, అంతే.) దేవుడి దయ, బాపు ఓపిక రెండూ కలిసి నన్ను మనిషిని చేశాయి. తెలుగు టైపింగు కూడా గోడకు అంటించిన కాగితం చూసే నేర్చుకున్నాను. హైదరాబాదు నుంచి తెచ్చిన పాత కంప్యూటరును వెనక రేకుల గదిలో పెట్టుకొని, ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టి, తెలిసినవాళ్ల పెళ్లిపత్రికలు కొట్టి పెట్టేదాన్ని.

అట్లాంటప్పుడు ఊళ్లోని ప్రెస్సు సేటుకు ఒక పెద్ద పని వచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లంతా చౌరస్తాలో రోడ్డు మీదనే బతుకమ్మ ఆడాలనుకున్నారు. ఆ రోజు చేతుల్లో ఉండటానికి బతుకమ్మ పాటలూ ఉద్యమం పాటలూ కలిపి తొంభై ఆరు పేజీల పుస్తకం కావాలన్నారు. సేటు దగ్గర టైపు చేసే అతను బస్సుల్లేక శివ్వంపేటలో ఇరుక్కుపోయాడు. ఈ సంగతి తెలిసి బాపు నన్ను వెంటబెట్టుకొని ప్రెస్సుకు పోయాడు. సేటు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

“ఏ బడిల సదివింది మీ బిడ్డ?”

“మా ఇంట్లనే సదివింది” అన్నాడు బాపు.

“ఇంట్ల సదివినోళ్లకు పరీక్షలెవరు వెడ్తరు?”

“మీరే వెట్టుండ్రి, సేటు.”

సేటు కాసేపు గడ్డం గోక్కొని, చేతిరాత కాగితాల కట్ట నా ముందుకు తోశాడు. ఆరు రోజుల్లో అయితే ప్రెస్సు పనంతా ఇకముందు ఇంటికే పంపిస్తాననీ, కాకపోతే మళ్లీ ఈ గడప తొక్కొద్దనీ చెప్పాడు. ఆ కట్టను నేను రెండు చేతులా ప్రసాదం అందుకున్నట్టు అందుకున్నాను. నాకు బడి కాగితమంటూ ఏదీ లేదు. ఆ తొంభై ఆరు పేజీలే నా బడి కాగితం కావాలి.

మొదటి రోజు పదకొండో పేజీలో ఉండగా కంప్యూటరు ఠక్కున ఆరిపోయింది. మళ్లీ పెడితే పది నిమిషాలు నడిచి మళ్లీ ఆరింది. లోపల పనంతా చేసే చిన్న బిళ్ల ఉంటుంది కదా, దాని మీది పంకా చచ్చిపోయింది. బిళ్ల పెనంలా కాలుతోంది. వానలు వెలిశాక కాసే ఎండకు మా రేకుల గది అంతకుముందే పొయ్యిలా ఉంది. అంత పాత మిషను పంకా మెదక్‌లో దొరకదు, హైదరాబాదుకు బస్సు లేదు. అమ్మ పాపం తడిపిన గోనెసంచి తెచ్చి కంప్యూటరు డబ్బా మీద కప్పబోయింది. నేను కెవ్వుమని అడ్డం పడ్డాను.

అప్పుడే హవేలిఘనపూర్‌లో ఎవరిదో బోరు మోటరు బాగుచేసి మా కాక ఇంటికొచ్చాడు. కాక అంటే బాపు తమ్ముడు, మాతోనే ఉండేవాడు. కూలర్లు, మోటర్లు, పైపులు ఆయన ప్రాణం; ఊళ్లో ‘పైపుల కాక’ అంటేనే తెలుస్తుంది. ముప్పై నాలుగేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. (చూపులకు పోయిన ఇంట్లో కూడా ముందు కుళాయిని చూసేవాడట.) సంగతి విని, తెరిచిన డబ్బాలోకి తొంగిచూసి, “నూరు కూలర్లు చేసిన. ఇల్లు ఇల్లంత సల్లగ చేసేటోన్ని, గీ అరిసెంత బిళ్లను సల్లగ చెయ్యలేనా?” అన్నాడు. బాపు కళ్లు మెరిశాయి. ఆయనకు పాఠం దొరికింది. జీపు ఇంజను ఎట్లా చల్లబడుతుందని నన్నడిగాడు. నీళ్లు ఇంజను చుట్టూ తిరిగి వేడిని మోసుకుపోతాయి, రేడియేటరులో గాలి తగిలి చల్లబడి మళ్లీ వస్తాయి అన్నాను. “మరింక బొమ్మ గియ్యి” అన్నాడు. అన్నం ముందు కూర్చొనే గీశాను: బిళ్ల మీద రాగి డబ్బీ, డబ్బీకి రెండు ముక్కులు, ఒక ముక్కులోకి చల్లనీళ్లు, ఇంకో ముక్కులోంచి వేడినీళ్లు, అవి పోయి రేడియేటరులో, అక్కడి నుంచి బిందెలో. అన్నం మాట అందరం మరిచిపోయాం.

మరునాడు పొద్దున్నే కాకా నేనూ బస్టాండు వెనక రేడియేటర్లు అతికే చాచా దగ్గరికి పోయాం. తెల్లగడ్డం, నల్లచేతులు, చెవి మీద పెన్సిలు. బొమ్మను తిప్పి తిప్పి చూసి ఏ బండికని అడిగాడు.

“బండికి కాదు చాచా, కంప్యూటర్‌కు.”

“కంప్యూటర్‌కు రేడియేటరా? సైలెన్సర్ గూడ బిగించాల్నా బేటీ?”

అన్నాడే గానీ, లారీ పని పక్కకు నెట్టేశాడు. పాత రాగి పలకను కోసి అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద డబ్బీ చేసి, రెండు సన్న ముక్కులు పెట్టి, సీసం కరిగించి టాంకా వేశాడు. దాని అడుగును నేను అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దీ రుద్దీ నా ముఖం కనపడేదాకా నున్నగా చేశాను. ఏదో పాత కారులోంచి తీసిన పుస్తకమంత రేడియేటరు ఒకటి చాచానే వెతికిచ్చాడు. ఇంత చేసి, ఏమివ్వాలంటే, “బతుకమ్మ పాటల బుక్కంటివి గద, మా ఇంట్లకు ఒకటి తెచ్చియ్యి. మా కోడలు గూడ ఆడుతది” అన్నాడు. ఆయనకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

మిగతాదంతా కాక పని. కూలరులో నీళ్లు ఎక్కించే చిన్న మోటరు తెచ్చాడు. మేస్త్రీలు గోడ మట్టం చూసుకునే తెల్లగొట్టం తెచ్చాడు. అందులో నీళ్లు పోతుంటే కంటికి కనపడతాయి. ట్రాక్టరు బ్యాటరీతో ఇన్వర్టరు కట్టాడు. తొట్టి కోసం అమ్మ రాగి బిందె నేనే ఇచ్చాను. మోటరు బిందె మూతిలో పట్టకపోతే, దాని కింద చెత్త రాకుండా ఉండే ప్లాస్టిక్ జాలీ ఊడబీకి దింపాడు. (ఆ జాలీని గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.) డబ్బా బయటే ఒక పూటంతా నీళ్లు తిప్పి, ప్రతి కీలు కింద పేపరు పరిచి, చర్చి గంట పన్నెండు కొట్టేదాకా మేం నలుగురం ఆ పేపర్లనే చూస్తూ కూర్చున్నాం. ఒక్క చుక్క పడలేదు. కాక ఒక్కో పేపరూ ఎత్తి ఎండుటాకులా గలగలలాడించి చూపించాడు.

ఆ రోజు శుక్రవారం. బిళ్ల మీద డబ్బీ బిగించారు, మీట వేయడమే తరువాయి. బాపూ కాకా చేతులు కడుక్కోవడానికి పోయారు. గదిలో నేనూ, స్వామి పటం, నిండా నీళ్లున్న రాగి బిందె. మీరే చెప్పండి, శుక్రవారం పూట, దేవుడి ముందు, నీళ్లు నిండిన రాగి బిందెను చూస్తే మన చేతులు ఊరుకుంటాయా? పసుపు పూశాను, కుంకుమ బొట్లు పెట్టాను, రెండు తులసి ఆకులు వేశాను. స్వామీ, ఇంతమంది కష్టం, నువ్వే చల్లగా చూడాలి అని కళ్లు మూసుకొని, మూడుసార్లు పిడికెడేసి అక్షింతలు బిందెలో విడిచాను. అవి మెల్లగా అడుక్కు దిగుతుంటే ఎంత ముచ్చటగా ఉన్నాయో. ఇంత మంచి పూజ చేసి ఎవరికీ చెప్పకపోవడం వినయం అనుకున్నాను.

మీట వేశాం. గొట్టంలో నీళ్లు సరసరా పాకి, డబ్బీలో దూరి, అవతలి ముక్కులోంచి బయటపడ్డాయి. పది నిమిషాలైంది, ఇరవై అయింది, గంటైంది. డబ్బీ మీద చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా పసిపిల్ల నుదురులా ఉంది. కాక ఈల వేశాడు. బాపు నోటుబుక్కు తెచ్చి నా బొమ్మ కింద ‘సరైనది’ అని రాసి సంతకం పెట్టాడు. వాడకట్టు ఆడవాళ్లంతా నీళ్లు తాగే కంప్యూటరును చూడ్డానికి వచ్చారు. ఒకామె ఎంత తాగుతుందని అడిగింది. నా వేళ్లు మీటల మీద ఉరికాయి. ముప్పై, యాభై, డెబ్బై. ఇంట్లో అందరూ పాటలు పాడుతుండగా టైపు చేసిన పుస్తకం అదొక్కటే. ఎనభై ఎనిమిదో పేజీ చివరి చరణంలో ఉండగా, తెల్లవారితే పేజీలు సేటుకు ఇవ్వాలనగా, ఠక్. ఆరిపోయింది. డబ్బీ ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. గొట్టంలో నీళ్లు కదలడం లేదు.

కాక సైకిలు మీద పోయి చాచాను ఎక్కించుకొని వచ్చాడు. వస్తూనే ఇద్దరూ తగువులో ఉన్నారు. టాంకా కరిగి లోపల అడ్డం పడి ఉంటుందని కాక అనుమానం.

“నా టాంకా మీద లారీలు బొంబాయి దాక పోయొచ్చినయి. నీ పైపు జూడు. గోడలు వంకర వెట్టే మేస్త్రీల పైపు” అన్నాడు చాచా.

నేను లోలోపల ఇద్దరి మీదా కోపంగా ఉన్నాను. స్వామి పటం వైపు తిరిగి, ‘తప్పెవరిదో నువ్వే చూపించు తండ్రీ, వాళ్లకు బుద్ధి రావాలి’ అని మొక్కాను. చాచా డబ్బీ ఊడదీసి, కిందికి వంగి మోటరును విప్పుతున్న కాక వెనకాల నిలబడి, ఒక ముక్కుకు సైకిలు పంపు తగిలించి బలంగా గాలి కొట్టాడు. రెండో ముక్కులోంచి పసుపు బియ్యం, ఉబ్బి పువ్వులా విచ్చిన బియ్యం, తులసి ఆకు ముక్కలతో సహా చిమ్ముకొచ్చి కాక నెత్తి మీద జల్లుమని పడ్డాయి.

అంత త్వరగా ఫలించిన మొక్కు నా జన్మలో ఇంకొకటి లేదు.

కాక నెత్తి మీది గింజ ఒకటి తీసి చూసి, నా వైపు చూశాడు. బాపు చూశాడు. గుమ్మంలోంచి అమ్మ చూసింది. నేను కాలి బొటనవేలితో నేల గీస్తూ, పూజ చేశానని చెప్పాను. ఎంత వేశావని బాపు అడిగాడు. మూడు పిడికిళ్లని చెప్తుంటే ఏడుపొచ్చింది. పుస్తకం పోయింది, ప్రెస్సు పని పోయింది, ‘ఇంట్ల సదివింది’ అన్న మాట ఇక ఊరంతా నవ్వుతూ చెప్పుకుంటుంది అనుకున్నాను.

చాచా నవ్వలేదు. డబ్బీని నా అరచేతిలో పెట్టాడు.

“మొక్కుడు తప్పు గాదు బేటీ. మేం గూడ కొత్త బండికి దువా చదివే తోల్తం. గని ఇంజన్ల ఎవరన్న బిర్యానీ వోస్తరా? బయటినుంచే మొక్కాలె.” తర్వాత కాక వైపు తిరిగి, “నీ నెత్తి మీద అక్షింతలు వడ్డయి. ఇగ షాదీ చేసుకో” అన్నాడు. అప్పుడు అందరికంటే ముందు నవ్వింది కాకే.

జాలీని బిందె మూతిలో పట్టేలా కోసి మళ్లీ మోటరుకు బిగించారు. అమ్మ బిందెను మూడుసార్లు తోమింది. ప్రతి చెంబు నీళ్లనూ పాత చీర ముక్కతో వడగట్టి పోస్తూ, ఒక్కో చెంబుకూ నన్నోసారి చూసింది. దీపాలు పెట్టే వేళకు నీళ్లు మళ్లీ పాకాయి. మిగిలిన ఎనిమిది పేజీలు నేను ఊపిరి బిగబట్టి, దేవుణ్ని మనసులో మాత్రమే తలుచుకుంటూ పూర్తిచేశాను.

మరునాడు సేటు ప్రెస్సులో పేజీలన్నీ తిప్పాడు. రెండు తప్పులు దొరికాయి, దిద్దాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. బల్ల కింది నుంచి ఇంకో చేతిరాత కట్ట తీసి నా ముందు పెట్టి, “మళ్ల సోమారం తీస్కరా” అన్నాడు. బాపు బయటికొచ్చి, సైకిలు తాళంచెవి చేతిలోనే పెట్టుకొని దాని కోసం జేబులన్నీ వెతికాడు. సద్దుల నాడు చౌరస్తాలో పుస్తకాలు పట్టుకొని ఆడవాళ్లు తిరుగుతుంటే చాచా కోడలు నా పక్కనే చప్పట్లు కొట్టింది.

మరుసటేడు కాక పెళ్లయింది. పత్రిక నేనే కొట్టాను. ఆ కంప్యూటరు పోయి చాలా ఏళ్లయింది, ఇప్పటివాటికి నీళ్లూ వద్దు, బిందే వద్దు. రాగి డబ్బీ మాత్రం మా దేవుడి గూట్లో ఉంది. శుక్రవారం నా ల్యాప్‌టాప్ మూత మీద చిన్న బొట్టు పెట్టి, అక్షింతలు చేతిలోకి తీసుకొని ఒక్క క్షణం ఆగుతాను. తర్వాత వాటిని బుద్ధిగా పక్కనున్న పళ్లెంలోనే వేస్తాను. బయటి నుంచే మొక్కుతాను. ఆపైన డబ్బీని చెవి దగ్గర పెట్టుకొని ఊపుతాను. చాచా పంపుకు కూడా లొంగకుండా లోపలే ఉండిపోయిన గింజ ఒకటి, ఎండి గట్టిపడి, టక్ టక్‌మని నా మీద ఇంకా నవ్వుతూనే ఉంటుంది.